అయిదు బాక్సు కెమెరాలు, అయిదు రీళ్లు: ప్రాజెక్టు డైరీ

జూన్ 8

పాత బాక్సు కెమెరాలను, అంటే సాదా డబ్బా కెమెరాలను, బాగుచేసి సేకరణ అరలో పెట్టే ఈ ప్రాజెక్టులో పెట్టుకున్న నియమం ఒక్కటే. అరలోకి వెళ్లే ముందు ప్రతి కెమెరాతో ఒక రీలు ఫొటోలు తీయాలి, ఆ నెగటివు కెమెరాతో పాటే ఉండాలి. మీట నొక్కితే టిక్కుమంది కాబట్టి "పనిచేస్తోంది" అని చీటీ అంటించడం సేకరణల్లో మామూలే. ఆ టిక్కు షట్టరు కదిలిందని మాత్రమే చెబుతుంది. ఎంతసేపు తెరుచుకుంది, వెలుతురు ఎక్కడ చొరబడుతోంది, ఫిల్ము బిగువుగా నిలిచిందా లేదా అన్నవి రీలు కడిగితేనే బయటపడతాయి.

బల్ల మీద ఉన్నవి ఇవి. అగ్ఫా సింక్రో బాక్స్: 1950ల జర్మన్ తయారీ, రేకు డబ్బా, 120 రీలు (వెనక కాగితంతో, స్పూలు అనే కడ్డీ మీద చుట్టి వచ్చే ఫిల్ము) మీద 6×9 సెం.మీ. ఫొటోలు ఎనిమిది. జైస్ ఐకాన్ బాక్స్ టెంగార్ 56/2: 1948 నుంచి 1956 దాకా వచ్చిన మోడల్, ఇదీ 6×9, ముందు గోర్జ్ ఫ్రాంటార్ లెన్సు. కొడాక్ సిక్స్-20 బ్రౌనీ డి: ఇంగ్లండు తయారీ, 620 రీలు (అదే ఫిల్ము, వేరే స్పూలు), ఎనిమిది ఫొటోలు. కొడాక్ బ్రౌనీ హాక్‌ఐ ఫ్లాష్: అమెరికా తయారీ, 1950–61, బేకలైట్ బాడీ, 620 రీలు, 6×6 ఫొటోలు పన్నెండు. చివరిది బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారు చేసిన అగ్ఫా క్లిక్ 3. దీని ఆకారం చతురస్రపు డబ్బా కాదు. లోపలి పని మాత్రం అచ్చంగా బాక్సుదే: ఒక లెన్సు, ఒక షట్టరు వేగం, ఎండకూ మబ్బుకూ గుర్తులు, 120 రీలు మీద పన్నెండు ఫొటోలు. మన ఇళ్లలో పాత బీరువా తెరిస్తే దొరికే కెమెరా చాలాసార్లు ఇదే. అందుకే విదేశీ మోడళ్ల పక్కన దీనికి సమానమైన చోటు ఇచ్చాం.

జూన్ 9

మొదటి తనిఖీ. ఏదీ విప్పలేదు, తుడవలేదు.

వెనక తలుపు తెరిచి మొదట చూసేది స్పూలు. కొడాక్ 620 రీలును ఆపేసింది, 120 ఫిల్మునే దాని స్పూలు మీదికి చుట్టుకోవాలి. అందుకే 620 కెమెరాలో ఖాళీ స్పూలు ఉంటే సగం సమస్య తీరినట్టే. బ్రౌనీ డిలో ఒకటి ఉంది, హాక్‌ఐలో లేదు. 620 కెమెరా కొనేటప్పుడు స్పూలు ఉందా అని అడగడం మరిచిపోతే, తర్వాత స్పూలు కోసం ఇంకో కెమెరా కొనాల్సి వస్తుంది.

తర్వాత ఎర్ర కిటికీ, వెనక కాగితం మీది ఫ్రేము నంబరు కనబడేది. సింక్రో బాక్స్‌లో ఎరుపు వెలిసి నారింజలోకి వచ్చింది. మిగతావి బాగున్నాయి. ఇక టెంగార్ షట్టరు నొక్కితే కదల్లేదు. ఈ మోడల్ చేతికి రాగానే చాలామంది చెడిపోయిందని పక్కన పెట్టేది ఇక్కడే. 56/2లో ఒకే ఫ్రేము మీద రెండుసార్లు ఫొటో పడకుండా లాకు ఉంది. రీలు తిప్పే నాబ్ తిరిగితేనే షట్టరు మళ్లీ పనిచేస్తుంది. ఖాళీ కెమెరాలోనైనా నాబ్ తిప్పి అప్పుడు నొక్కాలి. తిప్పాం, నొక్కాం, టిక్కుమంది.

హాక్‌ఐ లోపల ఫిల్ము పట్టే రేకు చట్రం మీద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు అచ్చొత్తి ఉంటాయి. అది తయారీ తేదీ. కొడాక్ వారి సంకేతంలో సి, ఎ, ఎం, ఇ, ఆర్, ఒ, ఎస్, ఐ, టి, వై అనే పది అక్షరాలు వరుసగా 1, 2, 3, 4, 5, 6, 7, 8, 9, 0. మొదటి రెండూ నెల, చివరి రెండూ సంవత్సరం. మన కెమెరాలో "వై ఎం ఆర్ ఎ" అని ఉంది. అంటే 03 52, మార్చి 1952.

జూన్ 14

షట్టర్ల కొలత.

ఫోనులో స్లో మోషన్ 240 ఫ్రేములకు పెట్టాం. కెమెరా వెనక తలుపు తీసి, లెన్సుకు ఎదురుగా తెల్ల కాగితం మీద దీపం వెలిగించి, ఫోనును వెనక నుంచి లెన్సు వైపు గురిపెట్టి, ఒక్కో కెమెరాను పదిసార్లు నొక్కాం. తర్వాత వీడియోను ఒక్కో ఫ్రేమూ జరుపుతూ, వెలుతురు కనబడ్డ ఫ్రేములు లెక్కపెట్టాలి. 6 ఫ్రేములైతే సుమారు 1/40 సెకను, 8 అయితే 1/30. ఒక ఫ్రేము అటూ ఇటూ తేడా ఎలాగూ ఉంటుంది. బాక్సు కెమెరాకు అంతకన్నా సూక్ష్మమైన కొలత అక్కర్లేదు. పదిసార్లూ దగ్గర దగ్గరగా వస్తున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

క్లిక్ 3: 6, 6, 6, 7, 6... నిలకడగా ఉంది. హాక్‌ఐ కూడా 6 దగ్గరే. సింక్రో బాక్స్ 7 నుంచి 8. టెంగార్ 8. బ్రౌనీ డి మాత్రం మొదటిసారి 21, రెండోసారి 14, అయిదోసారికి 10, ఆ తర్వాత 9 దగ్గర ఆగింది. నొక్కేకొద్దీ వేగం పెరుగుతోందంటే స్ప్రింగు బాగానే ఉంది, రేకుల మధ్య జిడ్డు గట్టిపడి పట్టేస్తోంది అని అర్థం. స్ప్రింగే నీరసిస్తే పదిసార్లూ ఒకేలా నెమ్మదిగా వస్తాయి.

జూన్ 15

బ్రౌనీ డి ముందు పలక తీశాం. పాత బాక్సుల్లో ఈ పలక స్క్రూలతో ఉంటే సుఖం. మడత రేకులతో ఉంటే ఆ రేకు ముక్కల్ని అతి తక్కువగా, ఒక్కసారే వంచాలి. అరవై డెబ్భై ఏళ్ల రేకు రెండు మూడు వంపులకే విరుగుతుంది.

లోపల ఎవరో ఎప్పుడో కుట్టుమిషను నూనె పోశారు. బాక్సు షట్టరుకు జరిగే అతి పెద్ద అపకారం ఇదే. నూనె వేసిన రోజు షట్టరు హాయిగా కదులుతుంది. కొన్నాళ్లకు అది పాకి, దుమ్ము పట్టి, జిగురులా మారుతుంది. కొంత లెన్సు వెనక వైపు కూడా చేరుతుంది. ఈ షట్టర్లు పొడిగా పనిచేయడానికే చేసినవి.

శుభ్రం చేసే పద్ధతి: సిగరెట్ లైటరులో పోసే ద్రవం రెండు మూడు చుక్కలు, చెవి పుల్లకు చుట్టిన దూది. ద్రవాన్ని రేకు మీద పోయకూడదు, పుల్లను తడిపి తుడవాలి. పుల్ల గోధుమ రంగుకు మారడం ఆగేదాకా కొత్త పుల్లలు మారుస్తూ ఉండాలి. తొమ్మిది పుల్లలు అయ్యాయి. కిటికీ తెరిచి, దగ్గర్లో దీపం, పొయ్యి లేకుండా చేయాలి. ఆరాక ఇరుసు దగ్గర మాత్రం 2బి పెన్సిలు మొనను మెల్లగా రుద్దాం. ఆ గ్రాఫైటు చాలు.

మళ్లీ కొలిస్తే 6, 6, 7, 6. ఇంతకు మించి ముట్టుకోలేదు. స్ప్రింగును లాగి బిగువు పెంచాలనిపించడం సహజం. లాగిన స్ప్రింగు విరిగితే దానికి సరిపోయేది దొరకదు.

జూన్ 21

లెన్సులు, వ్యూఫైండర్లు.

బాక్సు కెమెరా లెన్సు అంటే ఎక్కువగా ఒకే గాజు బిళ్ల, చంద్రవంకలా ఒక పక్క గుంట, ఒక పక్క ఉబ్బు. విప్పేటప్పుడు ఏ పక్క బయటికి ఉందో ఫొటో తీసి పెట్టుకోవాలి. తిరగేసి పెడితే అంచులు పూర్తిగా కరిగిపోయినట్టు వస్తాయి. హాక్‌ఐలో కొందరు కావాలనే అలా తిప్పుతారు. ఈ ప్రాజెక్టులో ప్రతి కెమెరా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలి.

వరస ఇది: ముందు గాలి బుడ్డితో ఊదడం, తర్వాత మెత్తని కుంచె, ఆ తర్వాతే తడి. గాజు లెన్సుకు ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన లెన్సు కాగితం. లెన్సు ప్లాస్టిక్‌ది అన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా ఆల్కహాలు మానేసి, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపిన నీళ్లు వాడాలి. టెంగార్ లెన్సులో అంచున వెంట్రుకల్లాంటి బూజు ఉంది. తుడిస్తే పోయింది, కింద గాజు మీద సన్నని చారలు మిగిలాయి. బూజు విడిచే ఆమ్లం గాజును కొరికిన గుర్తులవి, ఇక పోవు. అంచున ఉన్నాయి కాబట్టి చిన్న ఎపర్చరులో (లెన్సు దగ్గర వెలుతురు వచ్చే రంధ్రం) ఫొటోకు అడ్డం రావు.

వ్యూఫైండర్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బాక్సు పైనా పక్కనా ఉండే చిన్న కిటికీల లోపల 45 డిగ్రీల్లో అద్దం ఉంటుంది. దాని పూత చాలా కెమెరాల్లో గాజు ముందు వైపునే ఉంటుంది, పైన ఏ కాపుదలా లేకుండా. దూదితో ఒక్కసారి రుద్దితే వెండి పూత దూదితో పాటే వచ్చేస్తుంది. ఊదడం మాత్రమే చేయాలి. సింక్రో బాక్స్ పక్క ఫైండరులో పూత ముందే పొరలుగా రాలిపోయింది, అది మార్చక తప్పలేదు.

ముందు పూత అద్దం కొత్తది కొనక్కర్లేదు. పాడైన పాత ఫ్లాట్‌బెడ్ స్కానర్లు చాలావాటిలో పొడుగాటి అద్దపు పట్టీలు ఉంటాయి, అవి ముందు పూతవే. పాత సామాన్ల దుకాణంలో స్కానరు విడిభాగాలుగా దొరుకుతుంది. పూత వైపు కాగితపు టేపు అంటించి, వెనక వైపు నుంచి గాజు కోసే వజ్రపు మొనతో ఒక్క గీత గీసి విరవాలి. గీత మీద రెండోసారి గీస్తే అంచు పెచ్చులు పోతుంది. పాత అద్దాన్ని పారేయకుండా కాగితంలో చుట్టి, కెమెరా వివరాలు రాసే కార్డుతో కలిపి ఉంచాం. తర్వాతి తరం సేకర్తకు అసలు ముక్క ఏదో తెలియాలి.

జూన్ 27

వానలు మొదలయ్యాయి. గదిలో తేమ కొలిచే మీటరు 78 శాతం చూపిస్తోంది. 60, 65 దాటితే బూజుకు పండగే. అయిదు కెమెరాలనూ రబ్బరు అంచు ఉన్న బిగుతు మూత ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాం, లోపల 200 గ్రాముల సిలికా జెల్, చిన్న తేమ మీటరు. రాత్రికి 46 శాతానికి దిగింది. 40 కన్నా కిందికి దించడం మంచిది కాదు, రెక్సిను, తోలు పట్టీలు ఎండి పగులుతాయి.

తోలు కేసులు ఈ డబ్బాలోకి రాలేదు. క్లిక్ 3 కేసు ఎంత అందంగా ఉన్నా అది తేమను పీల్చి పట్టుకుంటుంది, బూజుకు అదే పుట్టిల్లు. కేసులో ఏళ్ల తరబడి ఉన్న కెమెరా లెన్సు చూస్తే తెలుస్తుంది. కేసులు విడిగా, గాలి ఆడే గుడ్డ సంచిలో.

ఇదే రోజు పైపై పనులు. సింక్రో బాక్స్ రెక్సిను ఒక మూల లేచింది: ఫెవికాల్ పుల్లతో పలుచగా రాసి, పైన బటర్ పేపరు, పుస్తకం బరువు, ఒక రాత్రి. సూపర్ గ్లూ వాడితే ఆవిరి తగిలి చుట్టూ తెల్లటి మచ్చ పడుతుంది. హాక్‌ఐ బేకలైటు సబ్బు నీళ్లతో తుడిచి, ఆరాక బ్రాసో కొంచెం గుడ్డ మీద తీసుకుని మెల్లగా రుద్దితే నల్లగా నిగనిగలాడింది. ఇత్తడి స్క్రూల మీది పచ్చ చిలుమును వెదురు పుల్లతో గీకాం.

జూలై 5

వెలుతురు కారే చోట్ల వెతుకులాట.

పూర్తి చీకటి గదిలో, కెమెరా లోపల చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టి తలుపు మూసి, కళ్లు అలవాటు పడేదాకా అయిదు నిమిషాలు ఆగాలి. తర్వాత కెమెరాను అన్ని వైపులా తిప్పి చూడాలి. సింక్రో బాక్స్ తలుపు కీలు పక్కన సన్నని గీత కనబడింది. క్లిక్ 3లో ఏమీ లేదు. బ్రౌనీ డిలో తిప్పే తాళం చుట్టూ చుక్క వెలుతురు.

ఈ కెమెరాల్లో 35 ఎం.ఎం. కెమెరాల్లాగా నురుగు పట్టీలు ఉండవు. ఒక అంచు ఇంకో అంచులో దూరే మడతే వెలుతురును ఆపుతుంది. కాబట్టి కారుతోందంటే ఎక్కడో రేకు వంగిందని ముందు అనుమానించాలి. సింక్రో బాక్స్ కీలు దగ్గర అంచు సొట్ట పడింది. చెక్క ముక్క ఆనించి వేలితో ఒత్తితే సరిపడింది, గీత మాయం. బ్రౌనీ తాళం చుట్టూ నల్ల ఊలు దారం ఒక్క చుట్టు, ఫెవికాల్ చుక్కతో.

లోపలి గోడల నలుపు వెలిసి మెరుస్తున్న చోట్ల మెరుపు లేని నల్ల యాక్రిలిక్ రంగు వేశాం. టెంగార్‌లో అవసరం పడలేదు, లోపలి నలుపు ఇంకా కొత్తదానిలా ఉంది.

జూలై 6

ఫోకస్ పరీక్ష. ఫిల్ము ఆనే పట్టాల మీద మసక గాజులాంటి మ్యాజిక్ టేపు బిగువుగా అంటించి, షట్టరు తెరిచి ఉంచి, లూపుతో (చిన్న భూతద్దం) చూడాలి. 6×9 కెమెరాల్లో గేటు, అంటే ఫిల్ము ఆనే చట్రం, చదునుగా ఉంది, టేపు అడ్డంగా వేస్తే చాలు. ఒంపు తిరిగిన గేటున్న మోడల్ అయితే అడ్డంగా లాగిన టేపు ఒంపును వదిలేసి తిన్నగా నిలుస్తుంది, కొలత తప్పుతుంది. అలాంటప్పుడు పై పట్టా నుంచి కింది పట్టాకు నిలువు ముక్కలు పక్కపక్కన అంటించాలి. ఆ ఒంపు ఎందుకంటే, ఒంటి బిళ్ల లెన్సు వేసే బొమ్మ చదునుగా ఉండదు, లోపలికి వంగుతుంది. ఫిల్మునే దానికి తగ్గట్టు వంచితే అంచులు తేరుకుంటాయి. ఖర్చు పెంచకుండా లెన్సు లోపాన్ని సరిదిద్దిన ఈ ఉపాయం చూస్తే ఆ ఇంజనీర్ల మీద గౌరవం పెరుగుతుంది.

బ్రౌనీ డిలో దగ్గరి వాటికోసం ఒక అదనపు లెన్సు లోపలే ఉంది, మీట జరిపితే ముందుకు వస్తుంది: 5 నుంచి 10 అడుగుల దాకా. మీట సగంలో ఆగితే ఆ లెన్సు అంచు బొమ్మలోకి వస్తుంది. టేపు మీద చూశాక కానీ ఇది తెలియలేదు. చివరిదాకా జరిగిందో లేదో ప్రతిసారీ చూసుకోవాలి.

జూలై 12

620 స్పూళ్లు. ఈ ప్రాజెక్టులో అందరికీ చిక్కు వచ్చే చోటు.

120 రీలును కొడాక్ 1901లో తెచ్చింది, 620ని 1931లో. రెండింటి ఫిల్మూ వెడల్పూ వెనక కాగితమూ ఒకటే. స్పూలు వేరు: 620 స్పూలు మధ్య కడ్డీ సన్నం, చివరి బిళ్లలు చిన్నవి (120వి సుమారు 25 మి.మీ., 620వి సుమారు 23), తాళం దూరే గాడి కూడా వేరు. 1995లో కొడాక్ 620 ఆపేసింది. కాబట్టి ఈ రోజు 620 కెమెరా నడవాలంటే 120 ఫిల్మును 620 స్పూలు మీదికి చుట్టాలి.

ఛేంజింగ్ బ్యాగులో (వెలుతురు దూరని సంచి) పని ఇది. ముందు పాడైన రీలు ఒకటి తీసుకుని వెలుతురులో మూడుసార్లు సాధన చేయాలి. 120 రీలు విప్పి, కాగితం మొదలును మొదటి 620 స్పూలు గాడిలో దూర్చి, అంతా దాని మీదికి చుట్టాలి. ఇప్పుడు రీలు తలకిందులుగా ఉంది, చివర బయటికి వచ్చింది. దాన్ని రెండో 620 స్పూలు మీదికి మళ్లీ చుట్టాలి. అంటే స్పూళ్లు రెండు కావాలి, అదనంగా కెమెరాలో టేకప్ వైపు (తీసిన ఫిల్ము చుట్టుకునే వైపు) ఇంకొకటి. చుట్టింది ఒకటి, టేకప్‌ది ఒకటి, మధ్యలో సాయానికి ఒకటి: ఆ మూడోది టేకప్‌దే వాడుకోవచ్చు కాబట్టి రెండుతో సరిపెట్టవచ్చు.

తప్పు జరిగేది రెండో చుట్టులో. ఫిల్ము కాగితానికి ఒక్క చివరే, టేపుతో అంటి ఉంటుంది. రెండోసారి చుట్టేటప్పుడు వదులు చివర ముందు లోపలికి వెళుతుంది, టేపు చివరికి వస్తుంది. చుట్టు వ్యాసం మారింది కాబట్టి అక్కడికి చేరేసరికి ఫిల్ము కొంచెం మిగిలి ఉబ్బుతుంది. ఆ ఉబ్బును నొక్కి చుట్టేస్తే మొదటి ఫ్రేము దగ్గర ముడత. టేపును నెమ్మదిగా లేపి, ఫిల్మును చదునుగా పరిచి, మళ్లీ అంటించాలి. వేగంగా లాగితే టేపు దగ్గర మెరుపు పుట్టి ఫిల్ము మీద మసక పడుతుంది, అది మరిచిపోకూడదు.

హాక్‌ఐ కొంత దయగలది. సప్లై వైపు (కొత్త రీలు పెట్టే వైపు) 120 స్పూలు నేరుగా పట్టింది, టేకప్ వైపు మాత్రం 620 తప్పదు. అయితే తిప్పేటప్పుడు కొంచెం బిగుసుకుంది. గోళ్ల కత్తెరతో 120 ప్లాస్టిక్ స్పూలు అంచును చుట్టూ అర మిల్లీమీటరు తీసి, గరుకు కాగితంతో నున్నగా చేస్తే తేలికయింది. కత్తిరించిన పొడి కెమెరాలోకి వెళ్లకూడదు. రీలు చుట్టి అంటించి ఉండగానే పని చేసి, కుంచెతో దులిపి, అప్పుడు లోపల పెట్టాలి.

రీళ్లను ల్యాబుకు ఇచ్చేవాళ్లకు ఒక మాట: 620 స్పూలు తిరిగి ఇవ్వాలని కవరు మీద పెద్దక్షరాలతో రాయండి. చెప్పకపోతే చెత్తబుట్టలోకి పోతుంది.

జూలై 19

ఏ కెమెరాకు ఏ ఫిల్ము అన్న లెక్క.

ఇవి తయారైన రోజుల్లో మామూలు ఫిల్ము ఇప్పటికన్నా చాలా నెమ్మది, అంటే ఎక్కువ వెలుతురు కావాలి. మన ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ చేసిన ఇందు రీళ్లు ఇప్పుడు లేవు కనుక, ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్, ఐఎస్ఓ (ఫిల్ము వేగం) 125 తీసుకున్నాం. నిండు ఎండలో ఎఫ్/16 (ఎఫ్ పక్క సంఖ్య పెద్దదైతే ఎపర్చరు చిన్నది) దగ్గర దీనికి 1/125 సెకను కావాలి. మన షట్టరు 1/40. అంటే ఎఫ్/16లో ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) పైన, ఎఫ్/11లో రెండున్నర స్టాపు పైన వెలుతురు ఎక్కువ. నలుపు తెలుపు నెగటివు దీన్ని భరిస్తుంది. ఐఎస్ఓ 400 అయితే ఎండలో ఎఫ్/11 దగ్గర నాలుగు స్టాపులు దాటుతుంది, నెగటివు నల్లగా మూసుకుపోతుంది. 400 ఫిల్ము ఈ కెమెరాల్లో నీడ పట్టుకో, ముసురు రోజుకో మంచిది.

సింక్రో బాక్స్‌లో లాగే పట్టీ మీద మూడు రంధ్రాలు: ఎఫ్/11, ఎఫ్/16, పసుపు ఫిల్టరుతో ఎఫ్/11. పసుపు ఫిల్టరు ఒక స్టాపు తినేస్తుంది, పైగా ఆకాశంలో మబ్బులు నిలబెడుతుంది. టెంగార్‌లో ఎఫ్/9, 11, 16 ఉన్నాయి, 16 వాడతాం. బ్రౌనీ డిలో మార్చే వీలు లేదు. లెన్సు నుంచి ఫిల్ము దాకా సుమారు 100 మి.మీ., రంధ్రం 9 మి.మీ., అంటే ఎఫ్/11. నల్ల కార్డు ముక్కకు ఆఫీసు పంచింగ్ మిషనుతో రంధ్రం చేస్తే అది 6 మి.మీ. 100ని 6తో భాగిస్తే ఎఫ్/16 దాటుతుంది. ఆ కార్డును లెన్సుకు వీలైనంత దగ్గరగా, సరిగ్గా మధ్యలో అంటించాలి. దూరంగా పెడితే మూలలు నల్లబడతాయి.

జూలై 26, 27

వాన తెరిపి ఇచ్చిన రెండు రోజుల్లో అయిదు రీళ్లూ అయ్యాయి. ఎర్ర కిటికీ మీద నల్ల టేపు, రీలు తిప్పేటప్పుడు నీడలో మాత్రమే తెరవడం. ఈ కిటికీలు వచ్చిన కాలంలో ఫిల్ముకు ఎరుపు కనబడేది కాదు. ఇప్పటి పాంక్రోమాటిక్ (అన్ని రంగులూ పట్టే) ఫిల్ముకు బాగా కనబడుతుంది. కెమెరాను ఛాతీకి ఆనించి, ఊపిరి ఆపి, మీటను నొక్కకుండా పిండాలి. 1/30, 1/40 వేగాల్లో వేలి కుదుపు ఖాయంగా దిగుతుంది.

ఆగస్టు 2

కడగడం. ఐడీ-11 డెవలపరు ద్రావణం 250 మి.లీ., నీళ్లు 250 మి.లీ., ఒక్కో రీలుకు 500. ఎఫ్‌పీ4కు 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు మామూలు. వెలుతురు ఎక్కువ పడింది కనుక 15 శాతం తగ్గించి 9 నిమిషాల 20 సెకన్లు. మొదట 10 సెకన్లు, తర్వాత ప్రతి నిమిషానికీ 10 సెకన్లు ట్యాంకు తిప్పడం. కుళాయి నీళ్లు 28 డిగ్రీలు ఉన్నాయి. అన్ని సీసాలనూ ఐసు వేసిన టబ్బులో గంట ముందే పెట్టి, అన్నీ 20కి వచ్చాకే మొదలుపెట్టాం. డెవలపరు ఒక్కటే చల్లబరిచి మిగతావి వదిలేస్తే ఫిల్ము జిగురు పొర ముడతలు పడే ప్రమాదం ఉంది.

ఆగస్టు 3

నెగటివులు చదివిన రోజు.

క్లిక్ 3: పన్నెండుకు పన్నెండు. మధ్యలో పదును, మూలల్లో మెత్తదనం. ఫిల్ము పొడుగునా ఒక సన్నని గీత. రోలరు మీద వేలితో తడిమితే తుప్పు గింజ తగిలింది. 1500 నంబరు గరుకు కాగితంతో రెండు నిమిషాల పని.

టెంగార్: అయిదింటిలో ఉత్తమం. దూరపు మెట్టులో తీసిన చెట్టు కొమ్మలు లూపు కింద కూడా విడివిడిగా ఉన్నాయి. లెన్సు అంచు చారల జాడ ఎక్కడా లేదు.

హాక్‌ఐ: 5, 6 ఫ్రేముల్లో గుండ్రటి మసక. కిటికీ టేపు ఊడింది, అంతే. మిగతా పది శుభ్రం.

బ్రౌనీ డి: మొదటి ఫ్రేము అంచున చంద్రవంక ఆకారపు నల్ల మచ్చలు మూడు. రీలు చుట్టేటప్పుడు ఫిల్ము నలిగిన చోట్ల పడే గుర్తులివి, కెమెరా లోపం కాదు. రెండు ఫ్రేముల్లో నిలువుగా కుదుపు. ఎక్స్‌పోజరు బాగా కుదిరింది, కార్డు రంధ్రం పనిచేసింది.

సింక్రో బాక్స్: ఎనిమిదింటి అంచులూ రెండు వైపులా పొగ పట్టినట్టు ఉన్నాయి. మొదట కీలు మీద అనుమానం వచ్చింది. కీలు ఒక పక్కనే ఉంది కదా, అది కారితే రెండు అంచులూ ఒకేలా పాడవ్వవు. రీలు బయటికి తీసినప్పుడే లావుగా, వదులుగా ఉందని గుర్తొచ్చింది. అదే కారణం. సప్లై వైపు స్పూలును నొక్కి పట్టే పలుచని రేకు స్ప్రింగు నీరసించింది. ఫిల్ము బిగువు లేకుండా చుట్టుకుంది, తీసేటప్పుడు అంచుల నుంచి వెలుతురు పాకింది.

ఆగస్టు 9

ఆ రేకు స్ప్రింగును కొసన పట్టుకుని రెండు మిల్లీమీటర్లు లోపలికి వంచాం. పాడైన రీలు పెట్టి తిప్పితే ఇప్పుడు చేతికి సన్నని ప్రతిఘటన తెలుస్తోంది. మరీ వంచితే కాగితం చిరుగుతుంది, నాబ్ మీద రెండు వేళ్లతో హాయిగా తిరగాలి.

ఆగస్టు 16

సింక్రో బాక్స్ రెండో రీలు. నీడలోనే బయటికి తీసి, వెంటనే నల్ల డబ్బాలో వేశాం. రీలు గట్టిగా, సన్నగా వచ్చింది. కడిగితే ఎనిమిదీ అంచుల దాకా శుభ్రం. పసుపు ఫిల్టరుతో తీసిన నాలుగు ఫ్రేముల్లో వాన మబ్బులు పొరలు పొరలుగా నిలిచాయి.

ఆగస్టు 17

కార్డులు. ఒక్కోదాని మీద మోడల్, తయారీ కాలం, షట్టరు కొలత, మార్చిన భాగాలు, ముట్టుకోని భాగాలు, రీలు తేదీ. నెగటివులు ఆమ్లం లేని కాగితపు కవర్లలో, కెమెరా నంబరే కవరు నంబరు. సింక్రో బాక్స్ కార్డు మీద "పక్క ఫైండరు అద్దం మార్చాం, అసలుది కవరులో ఉంది, సప్లై స్ప్రింగు వంచాం, 2 మి.మీ." అని ఉంది. బ్రౌనీ డి కార్డు మీద "నూనె వేయవద్దు" అని ఎర్ర సిరాతో.

షట్టర్లన్నీ విశ్రాంతి స్థితిలో, తలుపులు మూసి, 620 స్పూళ్లు రెండూ బ్రౌనీలోనే. డబ్బాలో తేమ 47 శాతం. సిలికా జెల్ మళ్లీ ఎండబెట్టాల్సింది సెప్టెంబరు 14న. అదే రోజు అయిదు షట్టర్లనూ పదేసిసార్లు నొక్కి కొలవాలి.